సెవెరస్ కుటుంబం బంగారు నాణెం కొంటున్నారా? క్యారెట్ మీటర్‌ని నమ్ముకోకండి

బొమ్మ వైపు రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్. బొరుసు వైపు మధ్యలో నేరుగా మనల్ని చూసే భార్య జూలియా డోమ్నా, అటూ ఇటూ కొడుకులు కారకల్లా, గేటా. క్రీ.శ. 201 ప్రాంతంలో రోములో కొట్టిన ఆరియస్, అంటే రోమన్ బంగారు నాణెం ఇది. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు పంపింది నకిలీ అని తేలింది, డబ్బు వెనక్కి రాలేదు.

బంగారం మాత్రం మేలిమిదే. మోసపోయేది సరిగ్గా అక్కడే. అసలు ఆరియస్‌లోనూ దాదాపు స్వచ్ఛమైన బంగారమే ఉంటుంది కాబట్టి గీటురాయి, మీటర్ రెండూ "అసలుదే" అంటాయి. అవి చెప్పేది లోహం సంగతి, వయసు కాదు. ఏడు గ్రాముల బంగారం పెట్టి దానికి ఎన్నో రెట్లు లాగేవాడికి కల్తీ చేయాల్సిన ఖర్మేంటి?

గుట్టు బయటపడింది డోమ్నా చెంప మీద. కంటి కింద సన్నటి గీత. అదే పొడవు, అదే వాలుతో ఇంకో అమ్మకందారు ఫొటోలోనూ ఉంది. కొట్టాక, చేతులు మారేటప్పుడు పడాల్సిన గీత రెండు నాణేల మీద ఒకే చోట ఎలా పడుతుంది? అసలు నాణెం నుంచి అచ్చు తీసి, గీతతో సహా కొట్టారన్నమాట. పదింతలు చూపే భూతద్దంలో ఆ గీత అంచులు మెత్తగా ఉన్నాయి. నిజంగా గీసుకుపోతే బంగారం పక్కకి లేస్తుంది. డబ్బు కట్టే ముందే ఏసీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో పాత నాణేల వేలాల ఫొటోలతో పోల్చండి.

తూకం 7.0 నుంచి 7.4 గ్రాముల మధ్య ఉండాలి. 6.5 ఉంటే అనుమానించండి, ఆ తూకం కారకల్లా 215లో తగ్గించాక వచ్చింది. దారంతో కట్టి నీళ్లలో వేలాడదీస్తే 7.2 గ్రాముల నాణెం 0.38 గ్రాములు తగ్గాలి. 22 క్యారెట్లదైతే 0.40 దాటుతుంది. తేడా ఇంత చిన్నది కనుక మిల్లీగ్రాములు చూపే త్రాసే కావాలి, వంటింటి త్రాసు పనికిరాదు.

అంచు ఫొటో విడిగా అడగండి. కొన్ని నకిలీలు కొట్టినవి కావు, బంగారం కరిగించి అచ్చులో పోసిన పోతలు. చుట్టూ ఒకే తీరున ఆకురాయి గీతలుంటే పోత అతుకు అరగదీసి ఉండొచ్చు. పోతలో అక్షరాల పక్కన సూదిమొనంత బుడగలు కనిపిస్తాయి.

"పొలంలో దొరికింది" అంటే అసలు ముట్టుకోకండి. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికిన మాట నిజమే, ఆ కథకి అందుకే గిరాకీ. కానీ 1878 నిధి చట్టం ప్రకారం దొరికినవాళ్లు కలెక్టర్‌కి తెలపాలి. ఆ కాగితం చూపించమనండి.