ఆరేళ్ళుగా మా పిల్లలు చదువుతున్న క్రైస్తవ చరిత్ర కథలు

మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ సూట్‌కేసులో ఒక పక్కంతా పుస్తకాలే సర్దుకొచ్చాడు. బొమ్మల పుస్తకాల వయసు దాటి, అధ్యాయాలుగా ఉన్న కథను ఎవరి సాయం లేకుండా చదువుకునే పిల్లల కోసం రాసిన క్రైస్తవ చారిత్రక నవలలు అవి. ఇప్పుడు దానికి 13, మా అబ్బాయికి 9. ఈ ఆరేళ్ళలో అవి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారాయి, సండే స్కూల్ పిల్లల ఇళ్ళకు వెళ్ళి అట్టలు ఊడి తిరిగొచ్చాయి. పిల్లలకు ఇచ్చే ముందు వాటిలో చాలావరకు నేనూ చదివాను. ఇలాంటివి కొనాలనుకునే తల్లిదండ్రులకు పనికొస్తుందని నాకు తెలిసినంత రాస్తున్నాను.

ఏడెనిమిదేళ్ళ పిల్లలకు మేం మొదలుపెట్టింది ఇమాజినేషన్ స్టేషన్ పుస్తకాలతో. పాట్రిక్, బెత్ అనే ఇద్దరు కజిన్స్ ఒక యంత్రంలో కూర్చుని పాత కాలానికి వెళ్తారు. మొదటి పుస్తకంలోనే వైకింగుల దగ్గరికి వెళ్తారు. వాక్యాలు చిన్నవి, అధ్యాయాలు చిన్నవి, బొమ్మలుంటాయి. చదవడం అంటే బద్ధకించే మా అబ్బాయి కూడా రెండు మూడు రోజుల్లో ఒకటి పూర్తి చేస్తాడు. అయితే చరిత్ర పైపైనే తగులుతుంది. చదవడం అలవాటు చేయడానికి బాగుంటాయి, పదేళ్ళు వచ్చాక పిల్లలే వాటిని పక్కన పెట్టేస్తారు.

మా ఇంట్లో నిజంగా పాతుకుపోయినవి డేవ్, నెటా జాక్సన్ దంపతులు రాసిన ట్రెయిల్‌బ్లేజర్ పుస్తకాలు. మొత్తం 40 కథలు. ఒక్కో దాంట్లో చరిత్రలో నిజంగా బతికిన ఒక విశ్వాసి ఉంటారు. టిండేల్, లూథర్, హడ్సన్ టేలర్, జార్జ్ ముల్లర్, మేరీ స్లెస్సర్, హ్యారియెట్ టబ్‌మన్, ఇలా. కథ మాత్రం ఆ పెద్దవాళ్ళ పక్కన తిరిగే ఒక పిల్లాడి చుట్టూనో పిల్ల చుట్టూనో నడుస్తుంది. వాళ్ళకు భయాలుంటాయి, తప్పులు చేస్తారు, ఏదో ఒకటి తేల్చుకోవలసి వస్తుంది. అందుకే పిల్లలు వదలరు. మిషనరీల జీవిత చరిత్రలు కూడా మేం కొన్నాం. అవి మంచివే, కానీ మా పిల్లలు సగంలో ఆపేశారు. అందులో వాళ్ళ ఈడువాళ్ళు ఎవరూ లేరు మరి.

టిండేల్ కథ చదివిన వారం జరిగింది నాకు బాగా గుర్తు. సాయంత్రం మా అత్తయ్యగారు వంటకు బియ్యం కొలవబోతే సోలకు గట్టిగా ఏదో తగిలింది. చెయ్యి పెట్టి తీస్తే, పాత చీర ముక్కలో చుట్టిన చిన్న కొత్త నిబంధన. "ఇదేంటమ్మా, వాక్యాన్ని బియ్యంలో పెట్టావు?" అని అడిగారు. "రాజు మనుషులు సోదాకి వస్తే దొరక్కూడదు కదా నాయనమ్మా" అంది ఎనిమిదేళ్ళ మా అమ్మాయి. 1526లో జర్మనీలో అచ్చయిన టిండేల్ ఇంగ్లీషు అనువాదం, కొత్త నిబంధన, ఇంగ్లండులో నిషేధం ఉండడంతో బట్టల బేళ్ళలో దాక్కుని అక్కడికి చేరింది. అదే పని ఇది బియ్యం డబ్బాతో చేసింది. అత్తయ్యగారు పొయ్యి కట్టేసి వచ్చి కూర్చున్నారు, ఆ రాత్రి దాని చేత కథంతా తెలుగులో చెప్పించుకున్నారు. తన చేతిలో ఉన్న పుస్తకం కోసం ఒక మనిషి ప్రాణం పోయిందని మా అమ్మాయికి మొదటిసారి అర్థమైంది ఆ రాత్రే.

అదే అమ్మాయి ఇంకో పుస్తకం వల్ల ఏడ్చింది. ఒక మిషనరీ కథలో ఆయన వెంట ఉండే అనాథ పిల్లాడు దానికి ప్రాణం. సండే స్కూల్లో సాక్ష్యం, అంటే తన విశ్వాసం గురించి అందరి ముందు చెప్పమంటే వాడి గురించి చెప్పింది. అక్కడి టీచర్ ఒకరు మెల్లగానే, "ఆ అబ్బాయి నిజం కాదమ్మా, కథ కోసం కల్పించారు" అన్నారు. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. "మరి మిగతాది కూడా అబద్ధమేనా?" అంది. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అది మిషనరీ దగ్గర ఆగదు, బైబిలు దాకా వెళ్తుంది.

అప్పటి నుంచి పుస్తకం చేతికి రాగానే ముందు కథ చూడను. ఇది నిజం, ఇది కల్పితం అని ఎక్కడైనా రాశారా అని చూస్తాను. ట్రెయిల్‌బ్లేజర్ పుస్తకాల మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే. ఎవరు నిజంగా ఉన్నవాళ్ళు, ఎవరు కల్పన అని ముందే చెప్పేస్తారు, చివర ఆ విశ్వాసి అసలు జీవితం విడిగా ఇస్తారు. మా ఇంట్లో ఇప్పుడు పద్ధతేమిటంటే, కథ అయ్యాక ఆ చివరి పేజీలు నేనూ పిల్లలూ కలిసి చదువుతాం. అలాంటి వివరం లేని పుస్తకాన్ని కథ ఎంత బాగున్నా చిన్నపిల్లలకు ఇవ్వను.

వయసు సంగతి. అట్ట మీద 8 నుంచి 12 అని ఉందని నమ్మి ఇచ్చేయకండి. మేరీ స్లెస్సర్ ఇప్పటి నైజీరియాలో ఉన్న కలబార్ ప్రాంతంలో పనిచేశారు. కవలలు పుడితే అరిష్టమని చంపేసే ఆచారాన్ని ఎదిరించి ఎందరో పసివాళ్ళను దగ్గరికి తీసుకున్నారు. ఆమె గురించి పదేళ్ళ పిల్ల చదివితే ఆలోచిస్తుంది, ఎనిమిదేళ్ళవాడు రాత్రి నిద్రపోడు. మావాడు పోలేదు. టిండేల్‌ని 1536లో గొంతు బిగించి చంపి దేహాన్ని కాల్చారు. బానిసత్వం కథల్లో కొరడా ఉంటుంది. ఇవి దాచమని నేననను, దాస్తే ఆ మనుషుల ధైర్యం కూడా పిల్లలకు కనపడదు. ముందు మనం చదివి, ఏ పేజీ దగ్గర పిల్లల పక్కన ఉండాలో చూసుకుంటే చాలు.

భాష కష్టమా కాదా అని తేల్చుకోవడానికి మా అబ్బాయి వేళ్ళు లెక్కపెడతాడు. మధ్యలో ఏదో ఒక పేజీ తీసి చదువుతాడు, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడుస్తాడు. ఐదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ పుస్తకం వచ్చే సెలవులకు. మొదటి అధ్యాయం మాత్రం నేనే పైకి చదువుతాను. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు నోటికి పడితే మిగతాది వాడే లాక్కుపోతాడు.

ఇంకో విషయం ఎవరూ ముందు చెప్పలేదు నాకు. నా పుట్టిల్లు ఒంగోలు, పెద్దయ్యాకే బాప్తిస్మం ఇచ్చే బాప్టిస్టు సంఘం. అత్తవారిది గుంటూరు, పసిపిల్లలకూ ఇచ్చే లూథరన్లు. మా పిల్లలకు పసితనంలోనే బాప్తిస్మం అయింది. మెన్నో సైమన్స్ కథ చదివిన రోజు మా అమ్మాయి నేరుగా అడిగింది, "అమ్మా, నా బాప్తిస్మం చెల్లదా?" అని. పెద్దయ్యాక విశ్వసించి తీసుకునే బాప్తిస్మం కోసం హింసలు పడినవాళ్ళ కథ అది. అడక్క ఏం చేస్తుంది? మా పుట్టింటి తాతయ్య ఒకలా, నాయనమ్మ ఒకలా చెప్పారు. ఇద్దరి మాటా విననిచ్చాను. అలాగే క్యాథలిక్ సంఘం నుంచి ప్రొటెస్టెంట్లు విడిపోయిన సంస్కరణ కాలం కథల్లో కొన్నిటిలో క్యాథలిక్కులంతా దుర్మార్గుల్లా కనిపిస్తారు. మా ఎదురింటి పాప ఆర్.సి.ఎం., అంటే క్యాథలిక్, మావాడికి ప్రాణ స్నేహితురాలు. ఆ పుస్తకం చదివాక వాడు ఆ పాపను అనుమానంగా చూశాడు. ఆ పూట కూర్చోబెట్టి మాట్లాడాల్సి వచ్చింది. ఏ సంఘం వాళ్ళు రాసినా వాళ్ళ వైపు మొగ్గు ఉంటుంది. కొనే ముందు అది తెలుసుకోవాలి.

నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. పాతకాలం మిషనరీ కథలు కొన్నిటిలో మనలాంటి వాళ్ళం గుంపుగా కనిపిస్తాం. పేర్లుండవు. అజ్ఞానులం, వెలుగు తెచ్చిన దొర ఒక్కడే మనిషి. మన నల్ల పిల్లలు అది చదివి, దేవుని పని చేయడానికి తెల్ల చర్మం కావాలేమో అనుకుంటే ఆ పుస్తకం చేసిన మేలు ఏమిటి? అందుకే శామ్యూల్ మోరిస్ కథ అందరికీ చెబుతాను. ఆఫ్రికాలోని లైబీరియాలో క్రూ తెగ నాయకుడి కొడుకు, అసలు పేరు కాబూ. శత్రువుల చేతిలో చిక్కి, దెబ్బలు తిని, తప్పించుకుని, చివరికి అమెరికా చేరి ఇండియానాలో టేలర్ యూనివర్సిటీలో చదివాడు. 1893లో కన్నుమూసేనాటికి ఇంకా కుర్రవాడే. అక్కడివాళ్ళకు ప్రార్థన నేర్పింది అతనే. మా అమ్మాయి ఈ పుస్తకం నాలుగుసార్లు చదివింది.

ఐదోసారి తీసినప్పుడు, "మనవాళ్ళ మీద ఇలాంటిది లేదా?" అని అడిగింది. వెతికాను. తెలుగులో ఈ వయసు పిల్లలు ఇష్టపడి చదివే నవల ఒక్కటీ నా చేతికి దొరకలేదు. కథ లేకనా? ధాత కరువులో, 1876 తర్వాత, ఒంగోలు ప్రాంతం ఆకలితో అల్లాడుతుంటే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి పని ఇప్పించారు. తిండి కోసం సంఘంలో చేరారన్న మాట రాకూడదని ఆ కష్టకాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమైంది. దొర కంటే ముందు పల్లెల్లో కాలినడకన తిరిగి వాక్యం చెప్పినవాళ్ళలో తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తోళ్ళ పని చేసుకునే మాదిగ మనిషి. ఆయన పక్కన నడిచే ఒక పిల్లాణ్ణి పెట్టి ఎవరైనా రాస్తే మొదటి కాపీ నేనే కొంటాను.

మా అమ్మాయి ఎవరి కోసమూ ఆగలేదు. లాంగ్ నోట్‌బుక్‌లో తెలుగులో మొదలుపెట్టింది. కాలువ దగ్గర తట్టతో మట్టి మోసే తొమ్మిదేళ్ళ పిల్లాడి కథ, నాలుగు అధ్యాయాలు అయ్యాయి. మొదటి పేజీలోనే "పేరయ్యగారు నిజం, ఈ అబ్బాయి నేను అనుకున్నవాడు" అని రాసింది. ఐదో అధ్యాయం ఏటి దగ్గర ఆగిపోయింది. ఆ రోజు గుండ్లకమ్మలో నీళ్ళు ఎంత లోతుండేవో తెలియాలట, వాడు పొట్టివాడు కాబట్టి. సెలవులకు వచ్చినప్పుడు ఆ బాప్తిస్మాలు జరిగిన వెల్లంపల్లి దగ్గర ఏటి ఒడ్డుకు తీసుకెళ్తానని మా నాన్న మాట ఇచ్చారు. కొలవడానికి ఒక పొడవాటి కర్ర కూడా సిద్ధం చేసి పెట్టారట.