చూడాల్సింది పిల్లిని: ‘స్పీడీ గొంజాలెస్’ (1955)

ఏడు నిమిషాలకు కాస్త తక్కువ నిడివి ఉన్న ఈ కార్టూన్‌లో ఎలుక పరుగు చూద్దామని కూర్చుంటే దొరికేది చాలా తక్కువ. ఓ రంగు గీత, కాస్త దుమ్ము, ఆ తర్వాత ఎక్కడో అవతల తీరిగ్గా నిలబడ్డ ఎలుక. మెక్సికో మొత్తానికీ వేగమైన ఎలుక అని పేరు మోసినవాడు పరిగెత్తేటప్పుడు కంటికి ఆనడు, ఆనినప్పుడు కదలడు. కాబట్టి చూడాల్సింది పిల్లిని. సిల్వెస్టర్ తల ఎంత ఆలస్యంగా తిరిగింది, జరిగినదేమిటో దాని మొహానికి ఎప్పుడు తెలిసింది అన్నదాన్ని బట్టే ఆ వేగం ఎంతో మనకు అర్థమవుతుంది. దర్శకుడు ఫ్రిజ్ ఫ్రెలెంగ్ పనితనమంతా ఆ ఆలస్యాన్ని కొలవడంలోనే ఉంది.

కథ రెండు ముక్కల్లో అయిపోతుంది. సరిహద్దు కంచెకు మెక్సికో వైపు ఆకలితో మాడుతున్న ఎలుకలు, అమెరికా వైపు జున్ను ఫ్యాక్టరీ, మధ్యలో కాపలా పిల్లి. ముందు వెళ్ళిన ఎలుక దానికి చిక్కిపోతుంది. అప్పుడు తిరునాళ్ళలో తుపాకీ పేల్చే ఆట దగ్గర పనిచేస్తున్న స్పీడీకి కబురు వెళ్తుంది. (అంతకు ముందు ఏడాదే, 1954లో, అమెరికా ప్రభుత్వం మెక్సికన్లను పెద్ద ఎత్తున వెనక్కి పంపింది. బొమ్మలో ఆ ఊసు ఎక్కడా లేదు. కానీ ఆ కంచెను అప్పటి ప్రేక్షకులు ఉత్త కంచెగా చూసి ఉంటారనుకోవడం కష్టం.)

ఇక పిల్లి పన్నే ఉపాయాలు. వల, ఎలుకల బోనులు, మందుపాతరలు, గొట్టం. వీటి వరుస జాగ్రత్తగా గమనించండి. మొదట్లో పిల్లి ఎలుకను పట్టుకోవాలని చూస్తుంది. తర్వాత దారిలో ఏదో ఒకటి పరిచి తను పక్కకు తప్పుకుంటుంది. చివరికి ఏం చేయాలో తోచక తన నోరే దారిగా పెడుతుంది: గొట్టం కొసను నోట్లో పెట్టుకుని కూర్చుంటే స్పీడీ లోపలికి దూరి, తోక గుండా బయటపడి వెళ్ళిపోతాడు. పథకం మారినకొద్దీ పిల్లి తన ఒంటికే చేటు దగ్గర చేసుకుంటోందన్న మాట. ఉపాయాలను అటూ ఇటూ మార్చి చూపిస్తే నవ్వు సగానికి పడిపోతుంది.

అన్నిటిలోకీ పదునైనది మందుపాతరల ఘట్టం. స్పీడీ వాటి మీదుగా దూసుకుపోతాడు, ఒక్కటీ పేలదు. ఎందుకు పేలలేదో ఎవరూ చెప్పరు, చెప్పనక్కర్లేదు. అడుగు ఆనేలోపే వాడు అక్కడ లేడని మనమే ఊహించుకుంటాం. పేలనివి పాడైపోయాయేమోనని పిల్లి దగ్గరికి వెళ్ళి చూస్తుంది. ఎలుక వేగానికి సాక్ష్యం పిల్లి పేలిపోవడం! ముగింపూ అంతే. ఎలుకను ఆపలేనని తేలాక జున్నే లేకుండా చేస్తే పీడా పోతుందని పిల్లి ఆ జున్ను కుప్పకు పేలుడు మందు పెడుతుంది. అది ఎగిరి కంచె అవతల ఎలుకల మీద వానలా కురుస్తుంది. స్పీడీ ఇన్నిసార్లు అటూ ఇటూ తిరిగి మోసిన సరుకుకంటే పిల్లి ఒక్క దెబ్బకు పంపిందే ఎక్కువ.

వేగాన్ని బొమ్మలో ఎలా పెడతారో కాస్త వివరంగా చెప్పుకోవాలి. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. మామూలు కదలికలకు ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలుపుతారు, చురుకైన వాటికి ఫ్రేముకో బొమ్మ గీస్తారు. స్పీడీ లాంటి వాడికి అదీ చాలదు. తెర ఈ చివర నుంచి ఆ చివరకు కొద్ది ఫ్రేముల్లో వెళ్ళాలంటే ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య దూరం పెరిగి, కంటికి పరుగు కాకుండా గెంతులు కనిపిస్తాయి. ఆ ఖాళీని నింపేదే డ్రై బ్రష్ పని. కుంచెలోని రంగు దాదాపు తుడిచేసి, ఆ పొడి కుంచెతో సెల్ (బొమ్మ గీసే పారదర్శక పలక) మీద ఒక్క ఈడ్పు ఈడుస్తారు. వెంట్రుకల సందుల్లోంచి వెనకున్న దృశ్యం కనిపిస్తూనే ఉంటుంది, కన్ను మాత్రం రెండు చోట్లనూ కలిపేసుకుంటుంది. అయితే గీత ఒక్కటే ఉంటే వేగం అనిపించదు. బయల్దేరే ముందు ఓ క్షణం నిశ్చలం, వెళ్ళాక ఖాళీ నేల మీద దుమ్ము, ఆ తర్వాత చూసేవాడి మొహం. చవక కార్టూన్లలో ఎగిరిపోయేది సాధారణంగా ఈ చివరి రెండే. అందుకే వాటిలో అందరూ పరిగెడుతున్నా ఎవరూ వేగంగా ఉన్నట్టు తోచదు.

ఫ్రెలెంగ్ ఈ లెక్కలను సంగీతం స్వరాలు రాసే కాగితం లాంటి దాని మీద, తాళం గళ్ళలో రాసుకునేవాడు. బొమ్మలు గీయకముందే ఏ చర్య ఏ దెబ్బ మీద పడాలో తేలిపోయేది. కార్ల్ స్టాలింగ్ సంగీతం బొమ్మ వెనక నడుస్తున్నట్టు కాక బొమ్మతో కలిసి ఆగుతున్నట్టు ఉండడానికి కారణం అదే. ధ్వని ఆపేసి ఒకసారి చూడండి. నవ్వు తగ్గుతుంది కానీ లయ చెడదు. కథ వారెన్ ఫోస్టర్‌ది, గొంతులు మెల్ బ్లాంక్‌వి.

స్పీడీ ఇందులో పుట్టలేదు. 1953లో రాబర్ట్ మెకింసన్ తీసిన ఓ కార్టూన్‌లో ఇదే పేరుతో, బంగారు పన్నుతో, చూడ్డానికి కాస్త రౌడీలా ఉండే ఎలుక ఉంది. ఫ్రెలెంగ్, లేఅవుట్లు చూసే హాలీ ప్రాట్ దాన్ని మళ్ళీ గీశారు: తెల్ల బట్టలు, మెడలో ఎర్ర రుమాలు, పెద్ద టోపీ. ఇది కేవలం అందం కోసం చేసిన మార్పు కాదు. పసుపు, గోధుమ రంగుల ఎడారి నేల మీద తెలుపు, ఎరుపు కలిసిన మచ్చ రెండు ఫ్రేములు కనిపించినా కన్ను పట్టేస్తుంది. 1955 సంవత్సరానికి కార్టూన్ లఘుచిత్రాల విభాగంలో ఆస్కార్ దీనికే వచ్చింది.

చూసే పద్ధతి గురించి నాలుగు మాటలు. టీవీలో మోషన్ స్మూతింగ్ అనో, అలాంటి మరో పేరుతోనో ఉండే సెట్టింగ్‌ను తప్పకుండా ఆపేయండి. అది లేని ఫ్రేములను సొంతంగా కల్పించి మధ్యలో దూరుస్తుంది, డ్రై బ్రష్ గీతలు జిగురులా సాగిపోతాయి. ఈ బొమ్మకు అంతకంటే పెద్ద శత్రువు సిల్వెస్టర్ కూడా కాదు. తెర నిండాలని 4:3 బొమ్మను 16:9కి కత్తిరిస్తే ఎత్తులో పావు వంతు పోతుంది, టోపీలూ పాదాలూ తెగుతాయి. సెకనుకు 25 ఫ్రేముల పాల్ (PAL అనే పాత టీవీ పద్ధతి) కాపీల్లో బొమ్మ నాలుగు శాతం వేగంగా నడుస్తుంది. మొత్తం మీద పదహారు సెకన్లు తరుగు, సరిచేయకపోతే గొంతులూ సన్నబడతాయి. వేగం గురించిన బొమ్మే కదా, ఇంకాస్త వేగమైతే ఏంపోయింది అనుకోవద్దు. తగ్గేది పిల్లి ఆలస్యం.

గుట్టు విప్పి చూడాలనుకునేవారు కంప్యూటర్లో వీడియోలు ఆడించే విఎల్‌సీలో పెట్టి కీబోర్డ్ మీద ‘E’ మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేము జరపవచ్చు. దువ్వెన పళ్ళలా అడ్డంగా చీలిన ఫ్రేములు ప్రతి ఐదింటిలో రెండు చొప్పున కనిపిస్తే అది గీసినవాళ్ళ పని కాదు, 24 ఫ్రేములను టీవీ కోసం 30గా సాగదీసిన మచ్చ. నల్ల గీతలు మధ్యలో తెగిపోయినట్టుంటే మచ్చలు తుడిచే డిజిటల్ ఫిల్టర్ అతి చేసిందని అర్థం. 2003లో వచ్చిన ‘లూనీ ట్యూన్స్ గోల్డెన్ కలెక్షన్’ మొదటి సంపుటి నాలుగో డిస్కులో ఈ కార్టూన్ ఉంది. నాలుగు డిస్కులు, 56 కార్టూన్ల పెట్టె అది. దీని ఒక్కదాని కోసం కొనమని చెప్పలేం, కానీ మిగతా 55 చేదేమీ కాదు.

పిల్లలకు చూపించేవారికి ఒక హెచ్చరిక. ‘స్పీడీ మా చెల్లెలి స్నేహితుడు’ అని ఒకడంటే, ‘వాడు అందరి చెల్లెళ్ళకూ స్నేహితుడే’ అని ఇంకొకడంటాడు. పిల్లలకు అది అందదు, పెద్దలకు ఇబ్బందిగానే ఉంటుంది. పెద్ద టోపీల ఎలుకల యాస ఇంగ్లిషు కూడా అప్పటి హాలీవుడ్ మూసలోదే. ఈ అభ్యంతరాల వల్లే అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్ 1999లో స్పీడీ కార్టూన్లు ఆపేసింది. తమాషా ఏమిటంటే, వాటిని తిరిగి వేయమని గట్టిగా అడిగినవాళ్ళలో అక్కడి లాటినోల (లాటిన్ అమెరికా మూలాలవాళ్ళ) సంఘమూ ఉంది. 2002లో వేశారు. అందులో వింతేమీ లేదు. తెలివీ దయా ఉన్నది మెక్సికన్ ఎలుకకే, ప్రతిసారీ తన్నులు తినేది ‘గ్రింగో’ (అమెరికావాడైన) పిల్లి.

ఇది నచ్చితే తర్వాత 1957 నాటి ‘టబాస్కో రోడ్’, 1961 నాటి ‘ది పైడ్ పైపర్ ఆఫ్ గ్వాడలూప్’ చూడండి. రెండూ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళినవే. 1965 నుంచి స్పీడీకి ప్రత్యర్థిగా డాఫీ బాతును పెట్టారు. వాటిని వదిలేయవచ్చు. ఖర్చు తగ్గి బొమ్మల సంఖ్య తగ్గిందన్నది ఒక కారణం. అసలు కారణం ఇంకా సులువు: బాతు ఎలుకను తినదు.