కడప నుంచి నేలపట్టు, పులికాట్: రెండు రోజుల పక్షుల యాత్ర

పోయినేడు మేం చేసిన తప్పు ఒకటే. తిరుపతిలో దిగి, దర్శనం చేసుకుని, ఎలాగూ ఇంతదూరం వచ్చాం కదా అని నేలపట్టు పక్షుల కేంద్రానికి బయల్దేరాం. చేరేసరికి పదకొండు దాటింది. ఎండ నెత్తిమీదికొచ్చింది. పక్షులన్నీ రెక్కలు ముడుచుకుని కునికిపాట్లు పడుతున్నాయి. పులికాట్ సరస్సు దగ్గరైతే ఎండకు నీళ్లన్నీ తళతళా మెరిసి, దూరంగా తెల్లగా ఏవో చుక్కలు తప్ప ఇంకేం కనపడలేదు. "ఇదేనా ఫ్లెమింగోలంటే?" అని మా వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. అందుకే ఈసారి తిరుపతి మాట ఎత్తకుండా, పక్షుల కోసమే జనవరి ఆఖరి శని, ఆదివారాలు పెట్టుకున్నాం. పోయింది నలుగురం. నేను, మా ఆయన, ఏడో తరగతి చదివే మా వాడు, మా మామయ్య. మామయ్య కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలవ) మీద నీళ్లు చూసుకునే లష్కరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు కాలవ గట్ల మీద తిరిగిన మనిషి కదా, నీళ్లు ఎక్కడుంటే ఏ పిట్ట వాలుతుందో ఆయనకు తెలిసినట్టు మాకెవరికీ తెలియదు.

కడప నుంచి సూళ్లూరుపేట 200 కిలోమీటర్ల పైమాటే. రాజంపేట, కోడూరు, రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా దారి. బస్సులో పోవాలంటే తిరుపతి దాకా కావలసినన్ని ఉన్నాయి, అక్కడ మారాలి. కానీ నేలపట్టులోనూ పులికాట్ రోడ్డు మీదా తెల్లారకముందు, పొద్దుగూకే ముందు తిరగాలంటే సొంత బండి గానీ మాట్లాడుకున్న బండి గానీ ఉండి తీరాలి. మేం కడపలోనే కారు మాట్లాడుకున్నాం. కిలోమీటరుకు 14 రూపాయల లెక్కన, టోల్, డ్రైవర్ బత్తా అన్నీ కలిపి రెండు రోజులకు 8,500 దాకా అయింది. డ్రైవర్ కుర్రాడు మంచివాడు. పక్షులు కనిపించిన చోటల్లా అడక్కుండానే ఇంజన్ ఆపేసేవాడు, డోరు కూడా మెల్లగా వేసేవాడు. పక్షులు చూడ్డానికి పోయేవాళ్లు బండికన్నా ముందు డ్రైవర్ ఎలాంటివాడో కనుక్కోండి.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. బాలుపల్లి చెక్‌పోస్టు దాటాక అడవిలో ఇంకా చలిగానే ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఓళిగలు, చిత్రాన్నం శ్రీకాళహస్తి దాటాక చెట్టు కింద తిన్నాం. పదకొండుకు సూళ్లూరుపేటలో ఉన్నాం.

బస గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. వారం ముందు ఫోన్‌లో రూమ్ మాట్లాడి అడ్వాన్సు కూడా పంపిన లాడ్జిలో, తీరా పోతే "ఆ రూమ్ వేరేవాళ్లకు ఇచ్చేశామమ్మా" అన్నారు. గంటసేపు కూర్చోబెట్టి పై అంతస్తులో ఇంకో గది ఇచ్చారు. 1,400 రూపాయలు. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, గీజర్ మాత్రం పనిచేయలేదు. పొద్దున్నే మామయ్యకు వేడినీళ్లు కావాలంటే కింద నుంచి బకెట్ తెప్పించుకోవాల్సి వచ్చింది. దోమలు విపరీతం. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఈ ఊళ్లో గది దొరకడమే గగనం, కాబట్టి తేదీ చూసుకుని రండి. ఇన్ని ఇబ్బందులున్నా మళ్లీ పోతే సూళ్లూరుపేటలోనే దిగుతాను. పోయినేడు తిరుపతిలో దిగిన హోటల్ దీనికన్నా వంద రెట్లు నయం, కానీ అక్కడి నుంచి తెల్లారేసరికి నేలపట్టులో ఉండాలంటే రాత్రి నిద్ర మానుకోవాలి. ఇక్కడి నుంచైతే అరగంట. మా తోడికోడలు వాళ్లు డిసెంబరులో నాయుడుపేటలో దిగారు, గది మాకన్నా బాగుందట. నేలపట్టుకు అక్కడి నుంచీ దూరమేం లేదు, పులికాట్‌కే కాస్త ఎక్కువ తిరగాలి. ఖర్చుకు వెనకాడని వాళ్లకు తడ, శ్రీసిటీ వైపు హైవే పక్కన పెద్ద హోటళ్లున్నాయి.

మధ్యాహ్నం ఒక మెస్‌లో చేపల పులుసు తిన్నాం. మామిడికాయ ముక్క వేసిన నెల్లూరు పులుసు. మా ఆయన రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. చెంగాళమ్మ గుడికి పోయి దండం పెట్టుకుని, మూడున్నరకు శ్రీహరికోట రోడ్డెక్కాం.

ఈ రోడ్డు గురించి తెలియనివాళ్లకు ఒక్క మాట. సూళ్లూరుపేట నుంచి తూర్పుగా శ్రీహరికోటకు పోయే ఈ దారి పులికాట్ సరస్సు మధ్యలో నుంచే పోతుంది. ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు, వాటిలో పక్షులు. టికెట్టు లేదు, గేటు లేదు. సాయంత్రం పోతే సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు, వెలుగు తిన్నగా పక్షుల మీద పడుతుంది. అదీ ఎడమచేతి వైపు చూస్తే ఇంకా బాగుంటుంది. మేం పోయినేడు మధ్యాహ్నం పోయి పోగొట్టుకున్నది ఈ వెలుగునే. చివరికంటా పోవద్దు. అక్కడ అంతరిక్ష కేంద్రం (షార్) గేటు, భద్రతా సిబ్బంది ఉంటారు. చాలాముందే వెనక్కి తిరగడం మంచిది. షార్ ఉద్యోగుల బస్సులు వేగంగా పోతుంటాయి, కాబట్టి పిల్లల చెయ్యి వదలొద్దు.

ఫ్లెమింగోలు రోడ్డుకు వంద గజాల్లోపే ఉన్నాయి. ఎన్నో లెక్కపెట్టలేకపోయాం. వందల్లో ఉంటాయి. బైనాక్యులర్‌లో చూస్తే ఒక్కో పక్షి చేసే పని తెలుస్తుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి కాళ్లతో బురదను తొక్కుతుంది. ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ తొక్కుతుంది. మన వైపు పాత రోజుల్లో గోడకు మట్టి తొక్కేవాళ్లు కదా, అచ్చం అలాగే. బురదలోంచి పురుగులు, చిన్న చిన్న రొయ్యలు, నాచు పైకి లేస్తాయి. అప్పుడు తల తిరగేసి, పై ముక్కు కిందికి వచ్చేలా నీళ్లలో ముంచి, నీళ్లు వడకట్టి తిండి మాత్రం మింగుతుంది. "అబ్బా, అట్ల తలకిందులుగా తింటే దానికి తల తిరగదా?" అని మా వాడు వాళ్ల తాతను అడిగాడు. "పుట్టినకాడ్నుంచి అట్లనే తింటాది రా. దానికి మనం తినేదే తలకిందులు" అన్నారు మామయ్య. ఒంటికి గులాబీ రంగు వచ్చేది ఆ రొయ్యలు, నాచులో ఉండే పదార్థాల వల్లే. పిల్ల పక్షులు బూడిదరంగులో ఉంటాయి. ఆ గుంపులో అలాంటివి చాలానే కనిపించాయి. నిలబడి ఉన్నప్పుడు లేత రంగే గానీ, రెక్క విప్పితే లోపల ఎర్రటి ఎరుపు, అంచున నలుపు.

ఆ రెక్కలు విప్పడం చూసిన పద్ధతి మాత్రం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఏదో ఊరి నుంచి వ్యాన్‌లో వచ్చిన గుంపు ఒకటి, వీడియో కోసం పక్షుల్ని లేపాలని హారన్ మోగిస్తూనే ఉంది. ఒకతను గట్టు దిగి రాయి కూడా విసిరాడు. గుంపంతా ఒక్కసారిగా లేచి అర కిలోమీటరు దూరం పోయి వాలింది. మా ఆయన వెళ్లి చెప్పారు, "అవి ఇక్కడికొచ్చింది తిండి కోసం, మీరు లేపిన ప్రతిసారీ ఆ తిండి మానుకుని ఎగరాలి" అని. వాళ్లకు కోపమొచ్చింది, కానీ హారన్ ఆపారు. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. ఓపికపడితే అవే ఎగురుతాయి. మేం చీకటి పడేదాకా ఉన్నాం, వాటంతట అవి మూడుసార్లు లేచాయి.

సూదితోక బాతులు కూడా చూశాం. శీతాకాలానికి ఉత్తరాది చలిదేశాల నుంచి నిజంగా దిగివచ్చేవి ఇలాంటివి. ఇక్కడ అందరూ ప్రతి పక్షినీ సైబీరియా పక్షే అంటారు, అది నిజం కాదు. గూడబాతులైతే (పెలికాన్‌లు) మన దక్షిణాదివే. నీళ్లున్న చోటును బట్టి తిరుగుతుంటాయి. అవి ఐదారు రోడ్డుకు కుడివైపు వరసగా ఈదుతూ చేపలు పడుతున్నాయి. సంచిలాంటి కింది దవడను వలలా ముంచి ఎత్తి, నీళ్లు వదిలేసి మింగుతాయి. పొద్దుగూకే వేళకు ఒక్కొక్కటే లేచి ఉత్తరం వైపు పోయాయి. "ఇవి యాడికి పోతాండాయో రేపు చూద్దాం" అన్నారు మామయ్య.

మరునాడు ఆరుంపావుకు నేలపట్టులో ఉన్నాం. దొరవారిసత్రం దగ్గర హైవే నుంచి లోపలికి రెండు కిలోమీటర్లు. 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం 458.92 హెక్టార్లు. అంతా కలిపి చిన్న చెరువు, చుట్టూ చిట్టడవి. కట్ట మీద నడుస్తుంటే ముందు వాసన వస్తుంది, తర్వాత చప్పుడు వినిపిస్తుంది, ఆ తర్వాతే పక్షులు కనపడతాయి. వాసన రెట్టది, చప్పుడు పిల్లలది. పెద్ద గూడబాతులు పెద్దగా నోరెత్తవు.

నీళ్లలో నిలబడిన చెట్లు తెల్లగా సున్నం కొట్టినట్టున్నాయి. ప్రతి కొమ్మ మీదా గూళ్లు. అవేం చెట్లని అడిగితే, అక్కడ కాపలా ఉండే పెద్దాయన "నీటి కడప" అన్నాడు. మా ఊరి పేరున్న చెట్టు మా ఊళ్లో ఎప్పుడూ చూళ్లేదు. నెలల తరబడి వేళ్లు నీళ్లలో నానినా చావని చెట్టట, అందుకే గూళ్లకు అంత అనువు. చుట్టూ నీళ్లుంటే పిల్లీ కుక్కా గూడు దాకా రాలేవు.

వాచ్ టవర్ ఎక్కి ఒక గూటిని చూస్తూ గంటసేపు కూర్చున్నాం. అందులో రెండు పిల్లలు, ఒంటినిండా తెల్లటి నూగు. ఏడుంపావుకు తల్లో తండ్రో ఒకటి దక్షిణం వైపు నుంచి వచ్చింది. రెక్కలు కదపకుండా చాచి, కాళ్లు ముందుకు పెట్టి కొమ్మ మీద దిగింది. కొమ్మ కిందికీ పైకీ ఊగింది. పెద్ద పిల్ల ఆగలేదు. తల, మెడ మొత్తం ఆ సంచిలోకి దూర్చేసింది. బయటి నుంచి చూస్తే సంచిలో ఏదో పొడుచుకుని కదులుతున్నట్టుంది. చిన్నదానికి వంతు వచ్చేసరికి నిమిషం పైనే పట్టింది. నిన్న సాయంత్రం ఉత్తరంగా ఎగిరి వచ్చింది ఇక్కడికే అని మా వాడికి అప్పుడు అర్థమైంది. నేలపట్టులో గూడు, పులికాట్‌లో చేపలు. పడకగది ఒకచోట, వంటిల్లు ఒకచోట. అందుకే ఈ రెండింటిలో ఏది చూడాలని అడిగితే నేను రెండూ చూడమనే అంటాను, అదీ ముందు పులికాట్, తర్వాత నేలపట్టు. ఒక్కటే కుదురుతుందంటే మాత్రం నేలపట్టు. పులికాట్‌లో నీళ్లు ఎక్కడున్నాయో దాన్నిబట్టి పక్షులు దగ్గరుంటాయో దూరముంటాయో చెప్పలేం. నేలపట్టు చెరువు నిండిన ఏడాదైతే, గూటిలో పిల్లలున్న పక్షి ఎక్కడికీ పోదు.

తెడ్డుమూతి కొంగలు, నత్తగుల్ల కొంగలు, కంకణాలు (ఐబిస్‌లు), నీటికాకులు కూడా అవే చెట్ల మీద కాపురం చేస్తున్నాయి. బైనాక్యులర్ తప్పకుండా తీసుకెళ్లండి. మేం కొన్న 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది) చాలింది. తాగే నీళ్లు, టిఫిన్ వెంట ఉంచుకోండి. కొట్టొచ్చినట్టు కనపడే రంగుల బట్టలు, సెంట్లు వద్దు. తడ దగ్గర బి.వి.పాలెంలో బోటు షికారు ఉంటుంది, పిల్లలకు సరదా, పక్షుల కోసమైతే దానికి సమయం పెట్టక్కర్లేదు. సూళ్లూరుపేటలో పక్షుల పండగ జరిగే రోజుల్లో జనం బాగా ఉంటారు. సభలు, స్టాళ్లు కావాలంటే అప్పుడు రండి, పక్షులు కావాలంటే ఆ వారం వదిలేయండి.

కాపలా పెద్దాయన మాది కడపని తెలిసి "కలివికోడి ఊరోళ్లా!" అన్నాడు. అంతే, మామయ్య కట్ట మీద కూర్చుండిపోయారు. 1848లో జెర్డాన్ అనే తెల్లదొర లోకానికి చెప్పిన పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనపడక ఇక లేదనుకున్న పక్షి, 1986 జనవరిలో సిద్ధవటం పక్క రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికిన సంగతి, తెలుగుగంగ కాలవ దానికోసం దారి మార్చుకున్న సంగతి అంతా చెప్పారు. పెద్దాయన కూడా తన ఊరి సంగతి చెప్పాడు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పారితే చేలకు ఎరువు పెద్దగా వేసే పనే ఉండదట. "అవి రాని ఏడు మాకు పంటా ఉండదు సార్. చెరువు నిండితేనే గదా అవొచ్చేది. ఈ ఊళ్లో దీపావళికి టపాసులు కూడా చూసి కాలుస్తారు" అన్నాడు. ఆయనకు మామయ్య మిగిలిన ఓళిగలు పొట్లం కట్టి ఇచ్చారు.

పదకొండున్నరకు బయల్దేరాం. దారిలో భోజనానికి, టీకి ఆగడంతో ఒంటిమిట్ట చేరేసరికి ఐదున్నర. గుడి గోపురం దాటగానే చెరువు దగ్గర కారు ఆపమన్నారు మామయ్య. ఈ దారిన ఎన్ని వందలసార్లు పోయామో, ఎప్పుడూ ఆగింది లేదు. మా వాడి దగ్గర బైనాక్యులర్ తీసుకుని, కట్ట మీద నిలబడి చాలాసేపు చూశారు. మా ఆయన ఇంటికి ఆలస్యమవుతోందని నాకు సైగ చేశారు గానీ ఆయన్ను పిలవలేదు.

"నత్తగుల్ల కొంగలు పదకొండు, తెడ్డుమూతివి రెండు. రాసుకో అబ్బయ్యా" అన్నారు. మా వాడు కారు బానెట్ మీద నోట్‌బుక్ పెట్టి రాసుకున్నాడు.