పాత కారవాన్ కొనడమా, అద్దెకు తెచ్చుకోవడమా, కారులో వెళ్లి గది తీసుకోవడమా: గోదావరి డెల్టాలో ఏది మేలు?

పాత కారవాన్ (లోపల మంచాలు, మరుగుదొడ్డి ఉండి ఇల్లులా వాడుకునే బండి) బేరానికి వెళ్లినవాళ్లు "ఎంతకిస్తారు?" అని అడుగుతారు. "ఊరికే నిలబెడితే ఏడాదికి ఎంతవుతుంది?" అని అడిగేవాళ్లు అరుదు. దాణా లెక్క వేసుకోకుండా గేదెను కొనే రైతు మన వైపు ఉండడు. పది పన్నెండు లక్షలు పోసి బండి కొనేటప్పుడు మాత్రం ఆ లెక్క వదిలేస్తున్నాం. అందులోనూ మనం ఉన్నది డెల్టాలో. ధవళేశ్వరం ఆనకట్ట దాటి కిందికి వస్తే అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు, భీమవరం, ఎటు చూసినా కాలువ, చేను, చెరువు, కొబ్బరితోట. నేలలో చెమ్మ, గాలిలో ఉప్పు. ఇక్కడ కారవాన్ తిరిగి పాడయ్యేది తక్కువ, నిలబడి పాడయ్యేది ఎక్కువ.

అందుకే మూడు దారులనూ ఒకే కొలతతో చూద్దాం: బయట గడిపే ఒక్కో రాత్రికి ఎంత పడుతుంది? కింది అంకెలు పద్ధతి చూపించడానికి నేను అనుకున్నవి. మీ బేరం, మీ మెకానిక్కు చెప్పిన ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

కొని ఉంచుకుంటే

12 లక్షలకు కొని, ఐదేళ్లు వాడి, 7 లక్షలకు అమ్మారనుకుందాం. ఏడాదికి లక్ష తరుగు. బండిలో ఇరుక్కున్న సొమ్ము సగటున తొమ్మిదిన్నర లక్షలు. అది బ్యాంకులో ఉంటే 7 శాతం చొప్పున సుమారు 66,000 వడ్డీ వచ్చేది. బీమా 20,000. ఆరు టైర్లు ఆరేళ్లకోసారి మార్చాలి, ఏడాది వాటా 8,000. లోపలి బ్యాటరీలు రెండు, నాలుగేళ్లకోసారి, అదీ 8,000. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బెల్టులు, బ్రేకులు కలిపి 15,000. తుప్పు, రంగు, పైకప్పు కారకుండా చూసుకోవడం మరో 15,000. ఏసీ, ఫ్రిజ్, నీటి పంపు, జనరేటర్ కలిపి 12,000. మొత్తం 2,44,000. ఇంకా డీజిల్ పోయలేదు, పెరట్లో చోటు లేనివాళ్లు కట్టే షెడ్డు అద్దె కలపలేదు.

ఏడాదికి 20 రాత్రులు వాడితే రాత్రికి 12,200. 60 రాత్రులు వాడితే నాలుగు వేల పైచిలుకు. పండక్కి, వేసవి సెలవులకు, ఒక తీర్థయాత్రకు కలిపి పది రాత్రులే కుదిరితే రాత్రికి పాతిక వేల దగ్గరికి పోతుంది. ఉద్యోగాలు, చదువులు, వ్యవసాయం ఉన్న ఇళ్లలో 60 రాత్రులు ఎవరికి కుదురుతాయి? సార్వా కోతలు, దాళ్వా నాట్లు, పిల్లల పరీక్షలు తీసేసి చూడండి.

పై లెక్కలో తుప్పుకూ కారడానికీ వేసిన 15,000 మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే మన ప్రాంతంలో పెరిగేది అదే. కారవాన్ అంటే నడిచే ఇల్లే, కానీ ఆ ఇంటి గోడలు ప్లైవుడ్‌వి. పైకప్పు మీద గాలి కిటికీ చుట్టూ పూసిన సీలెంట్ రెండు మూడు వేసవుల ఎండకు గట్టిపడి సన్నగా చీలుతుంది. జూన్‌లో పట్టిన వాన అక్టోబరు, నవంబరు తుపాన్ల దాకా వదలదు. ఆ చీలికలోంచి దిగే నీరు పైనుంచి కనిపించదు. లోపలి లామినేట్ నిగనిగలాడుతూనే ఉంటుంది, దాని వెనక చెక్క నాని ఉబ్బుతుంది. కిటికీ మూలన బొటనవేలితో నొక్కితే అట్టలా లోపలికి దిగుతుంది. ఆ స్థితికి వచ్చాక సీలెంట్ పూసి ప్రయోజనం లేదు. ఆ పక్క మొత్తం విప్పాల్సిందే. పరుపుల కింద బూజు సంగతి వేరే చెప్పాలా? పదిరోజులకోసారి తలుపులు, కిటికీలు తీసి ఎండ తగలనిచ్చే మనిషి ఇంట్లో ఉండాలి.

నీడ ఉంది కదా అని కొబ్బరిచెట్టు కింద పెట్టేవాళ్లున్నారు. దయచేసి పెట్టకండి. ఒక ఎండుకాయ చాలు, పైనున్న ఫైబర్ మూత పగలడానికి. సోలార్ పలక ఉంటే అదీ అంతే. పోనీ రేకుల షెడ్డు వేద్దామంటే మూడు మీటర్ల ఎత్తు బండికి అంతకన్నా ఎత్తు షెడ్డు కావాలి, ఆ ఎత్తులో రేకులు తుపాను గాలికి నిలబడాలి. 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరిచెట్లనే కూల్చేసింది. లంకల్లోనూ ఏటిగట్టు లోపలా ఉండేవాళ్లకు వరద బెడద వేరు: 1986 ఆగస్టు, 2022 జూలై వరదల్లాంటివి వస్తే ఎప్పుడూ కదలని బండిని గట్టెక్కించాలి. అప్పుడు బ్యాటరీ పలకకపోతే?

కోతలయ్యాక చేలు ఖాళీ కాగానే ఎలుకలు, పందికొక్కులు ఇళ్ల వైపు మళ్లుతాయి. నెలల తరబడి కదలని బండి వాటికి మంచి చోటు. లోపలి వైర్లు గోడల మధ్యనుంచి పోతాయి కాబట్టి కొరికిన చోటు కనిపెట్టడానికే ఎలక్ట్రీషియన్‌కు రోజు పడుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఒడ్డుకు వెళ్లివచ్చాక అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడగాలి. ఏటా ఛాసిస్‌కు తుప్పు పట్టని పూత వేయించాలి. ఈ రెండూ మానేసిన బండి బయటికి తళతళలాడుతూనే కింద పొరలు పొరలుగా రాలిపోతుంది.

విద్యుత్తు విషయంలో అమ్మేవాళ్ల మాటలు నమ్మి మోసపోకండి. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. మామూలు లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చస్తుంది, కాబట్టి చేతికి వచ్చేది 0.9 యూనిట్. ఒక టన్ను ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ తాగుతుంది. రెండు బ్యాటరీలున్నా మే నెల ఉక్కలో రెండు గంటలు దాటవు. తర్వాత జనరేటర్ వేయాలి, లేదా ఎవరి దగ్గరో ప్లగ్గు అడగాలి. ప్లగ్గు దొరికే చోటు ఎక్కువగా హోటలే. అక్కడ గది కూడా దొరుకుతుంది.

కాగితాల ఖర్చు

సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు నడుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కారు తరగతి బండికి 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము 5,000. 20 ఏళ్లు దాటిన బండికి 2025లో దాన్ని 10,000 చేశారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్ వేరు. టాక్సీ బోర్డుతో ఉన్న బండి అయితే ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్, పైగా పర్మిట్, పన్ను.

అసలు చిక్కు ఆర్‌సీలో ఉంటుంది. మోటార్ కారవాన్ అని నమోదై ఉంటే సరే. పన్నెండు సీట్ల ట్రావెలర్ వ్యానులో సీట్లు పీకి మంచాలు బిగించి, ఆర్‌సీలో పన్నెండు సీట్లే ఉంచిన బండ్లు అమ్మకానికి వస్తుంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ మొదట చూసేది ఇదే. బీమాలోనూ బండి విలువ ఏటా కోసుకుపోతుంది: నాలుగేళ్లు దాటి ఐదో ఏడు నడుస్తున్న బండికి 50 శాతం కోత, ఐదేళ్లు దాటితే మాట్లాడుకున్నంత. లోపల బిగించిన ఫ్రిజ్, ఏసీ, సోలార్ పాలసీలో విడిగా రాయించకపోతే వాటికి పైసా రాదు. పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుంది, బండితో మీకు రాదు.

పక్కనే యానాం ఉంది కాబట్టి మన వైపు పీవై (పుదుచ్చేరి) నంబరు బండ్లు ఎక్కువ. పన్ను తక్కువని అక్కడ నమోదు చేయించినవి. అవి చౌకగా కనిపిస్తాయి. కానీ ఆంధ్రలో 12 నెలలు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, ఇక్కడి జీవిత పన్ను కట్టాలి. ఆ మొత్తాన్ని బేరంలోనే తగ్గించుకోవాలి.

దారి ఖర్చులో కారు, కారవాన్

అమలాపురం నుంచి తిరుపతి వెళ్లి రావడం 1,200 కిలోమీటర్లు అనుకుందాం, డీజిల్ లీటరు 100 అనుకుందాం. లీటరుకు పది ఇచ్చే కారవాన్‌కు 12,000. పద్దెనిమిది ఇచ్చే కారుకు 6,700. తేడా 5,300, అంటే ఒక రాత్రికి రెండు మంచి గదులు. యానాంలో డీజిల్ కొంత చౌక, దారిలో ఉంటే పోయించుకోండి, దాని కోసమే తిరిగి వెళ్తే మిగిలేది ఉండదు. జాతీయ రహదారి టోల్ నిబంధనల్లో కారుకు రూపాయి అనుకుంటే మినీబస్సుకు రూపాయి అరవై పైసలు, బస్సుకు మూడు రూపాయలు దాటుతుంది. 2025 ఆగస్టులో 3,000 రూపాయలకు మొదలైన వార్షిక టోల్ పాసు సొంత కార్లకు, జీపులకు, వ్యాన్లకే.

ఎక్కడ పడితే అక్కడ ఆగి పడుకోవచ్చన్నదీ అంత నిజం కాదు. శ్రీశైలం అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలే ఆపేస్తారు. మన గట్టు రోడ్ల మీద ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే పొడవాటి బండి ఎటూ తప్పుకోలేదు.

ఇంకొకటి చెప్పాలి, ఇది డబ్బు కన్నా పెద్ద విషయం. కారవాన్‌లో మరుగుదొడ్డి ట్యాంకు ఉంటుంది. దాన్ని ఎక్కడ ఖాళీ చేస్తారు? మన దగ్గర అందుకు కట్టిన చోట్లు దాదాపు లేవు. చీకట్లో కాలువ గట్టున ఆపి మూత తీసేవాళ్లను తలచుకుంటేనే నాకు కడుపు మండుతుంది. ఆ కాలువ నీళ్లతోనే ఊరి మంచినీటి చెరువు నింపుతారు. వేసవిలో కాలువలు కట్టేశాక ఊరంతా తాగేది ఆ నీళ్లే. కొనేవాళ్లు ఇంటి సెప్టిక్ ట్యాంకుకు మూత ఉన్న గొట్టం ఒకటి పెట్టించుకోవాలి. ఆ ఖర్చు, ఆ శ్రమ పెట్టే ఉద్దేశం లేకపోతే బండి కొనొద్దు.

అద్దె

అద్దె రోజుకు 15,000, డీజిల్ మీదే అనుకుంటే, పదహారు రోజులకు 2,40,000. అంటే ఏడాదికి పదహారు రోజులు దాటితే అద్దె కన్నా సొంతం మేలనిపిస్తుంది. అమ్మేవాళ్లు మనకు చూపించే లెక్క ఇదే. తప్పేమీ లేదు, కానీ సగం లెక్క. రెండు గదులకు రాత్రికి నాలుగు వేలు అనుకుని గదితో పోల్చితే అదే బండి 60 రాత్రులకు గాని గట్టెక్కదు. అద్దెతో పోల్చి సంతోషపడేముందు, ఆ పదహారు రోజులూ మీరు నిజంగా కారవాన్ అద్దెకు తీసుకునేవారా, లేక కారులో వెళ్లి గదిలో దిగేవారా అని ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి.

అద్దె బండి హైదరాబాద్ నుంచి రావాలంటే మీటరు అక్కడి గ్యారేజీ నుంచే మొదలవుతుంది. ఖాళీగా వచ్చిపోవడానికే 800 కిలోమీటర్లకు పైగా, ఎనిమిది వేల డీజిల్ దండగ. విశాఖలోనో విజయవాడలోనో దొరికితే సగానికి సగం తగ్గుతుంది. లేదా మనమే రైల్లో అక్కడికి వెళ్లి బండెక్కడం ఇంకా మంచిది.

నా మాట

నలుగురైదుగురు ఉన్న మామూలు కుటుంబానికి కారూ గదీ మేలు. ఇందులో నాకు అనుమానం లేదు. రెండు గదులు తీసుకున్నా రాత్రికి నాలుగు వేలు, తెల్లారి తాళం ఇచ్చేస్తే ఆ బాధ్యత అక్కడితో సరి. ఆరుబయట పడుకోవాలన్న సరదా ఉన్న ఇద్దరికి మారుతి ఈకో లాంటి చిన్న వ్యాను, మడిచి తీసేసే పరుపు, దోమతెర చాలు. బండిలో ఏదీ బిగించరు కాబట్టి ఆర్‌సీ చిక్కు లేదు, మిగతా రోజుల్లో అది ఇంటి పనికీ వస్తుంది.

అయితే మోకాళ్ల నొప్పుల అమ్మ, రాత్రి మూడుసార్లు లేచే నాన్న ఉన్న ఇంటికి ఈ లెక్కలు పూర్తిగా సరిపోవు. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి లేక నీళ్లు తాగడమే మానేసి ప్రయాణం చేసే ఆడవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. వాళ్లకు బండిలో ఆ చిన్న గది ఉండడం విలాసం కాదు. అలాంటి యాత్రకు ఆ నాలుగు రోజులూ అద్దెకు తీసుకోండి, ఖర్చుకు వెనకాడకండి. వాళ్లను తరచూ తిప్పాల్సి వస్తే, పెరట్లో ఎత్తయిన షెడ్డుంటే, చూసుకునే మనిషుంటే అప్పుడు కొనడం గురించి ఆలోచించండి.

కొనేవాళ్లు 2027 గోదావరి పుష్కరాల ముందు తొందరపడొద్దు. అద్దెకు తిప్పుకోవచ్చన్న ఆశతో ధరలు పెరిగే కాలం అది, పుష్కరాలయ్యాక అవే బండ్లు అమ్మకానికి వస్తాయి. బండిని వానాకాలంలో, గట్టి వాన పడిన మర్నాడు చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అరగకపోయినా ఆరేడేళ్లు దాటితే కొత్తవి కొనాలని ధరలో తగ్గించుకోండి. షూటింగులకు తిప్పిన బండి అయితే కిలోమీటర్లతో పాటు జనరేటర్ ఎన్ని గంటలు నడిచిందో కూడా చూడండి. అన్నీ బాగున్నా ఆర్‌సీలో మోటార్ కారవాన్ అన్న మాట కళ్లతో చూసేవరకు బయానా ఇవ్వకండి.