విశ్వవిద్యాలయ విస్తరణ: పాత పేటల్లోనా, నగరం అంచునా?

విద్యార్థులు పెరిగిన విశ్వవిద్యాలయం చుట్టుపక్కల పేటల్లోకి విస్తరించవచ్చు, లేదా నగరం అంచున కొత్త ప్రాంగణం కట్టుకోవచ్చు.

ఖర్చు: పేటలో భూమి ఖరీదైనదే కానీ రోడ్లు, మురుగు కాలువలు, రవాణా ముందే ఉంటాయి, అంచున భూమి చవకైనా వాటన్నింటినీ కొత్తగా కల్పించాలి.

ముప్పు: అసలు చిక్కు ఇక్కడే ఉంది. న్యూయార్క్‌లోని వెస్ట్ హార్లెమ్‌లో దాదాపు 17 ఎకరాల విస్తరణకు కొలంబియా విశ్వవిద్యాలయం 2007లో నగర మండలి అనుమతి పొందినా, నిర్బంధ భూసేకరణపై వివాదం రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి, 2010లో సేకరణకు అనుకూలంగా తీర్పు వచ్చింది. ఈలోగా, 2009లో, స్థానికుల కోసం 15 కోట్ల డాలర్ల ప్రయోజన ఒప్పందం కుదిరింది. ఇలాంటి ఒప్పందాలు అవసరమే, కానీ పెరిగే అద్దెలను అవి అరుదుగా ఆపుతాయి. సొంత ఇల్లున్నవారికి లాభం, అద్దెకున్నవారికి వలస.

అంచున ఆ ఘర్షణ తక్కువ. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం తన సొంత పొలాల్లో, సుమారు 150 హెక్టార్లలో, ఎడింగ్టన్ అనే కొత్త నివాస ప్రాంతాన్ని చేపట్టి, తొలి ప్రణాళికలోని 3,000 ఇళ్లలో సగం సిబ్బందికే కేటాయించింది. అయితే కొత్తచోట వీధి సందడి ఏర్పడడానికి ఏళ్లు పడుతుంది.

ఆసుపత్రితోనో పాత ప్రయోగశాలలతోనో రోజూ పనిబడే విభాగాలకు, ఖాళీ గోదాములున్న పేట దొరికితే, నగరమే తగినది. సొంత భూమి ఉండి సిబ్బందికి ఇళ్లే ప్రధాన అవసరమైతే, లేదా పేట నిండా అద్దె కుటుంబాలే ఉంటే, అంచుకు వెళ్లడమే మేలు.