గోరువెచ్చని నీళ్లకే ఊడొచ్చే మస్కారా: ఏడాదికి పైగా వాడాక

మస్కారా పెట్టుకోవడం ఒక ఎత్తు, రాత్రి దాన్ని తీసుకోవడం ఇంకో ఎత్తు అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఒక్కో రెప్పవెంట్రుక చుట్టూ తొడుగులా ఆరే ట్యూబింగ్ మస్కారాకి మారి ఏడాది దాటింది. రెప్పలు ఎంత ఒత్తుగా కనిపిస్తాయో, ఎంత పొడుగ్గా కనిపిస్తాయో ప్రతి డబ్బా మీదా రాసే ఉంటుంది కాబట్టి వాటి జోలికి పోను. నన్ను దీనికి కట్టిపడేసింది ఒక్కటే, అది ఊడొచ్చే తీరు.

గోరువెచ్చని నీళ్లు దోసిట్లోకి తీసుకుని మూసిన కళ్లకు అరనిమిషం ఆనించాలి. తర్వాత వేళ్ల కొసలతో రెప్ప మొదలు నుంచి కిందికి మెల్లగా లాగితే ఒక్కో వెంట్రుక మీద ఉన్న నల్లటి తొడుగు అలాగే జారి వేళ్లకు అంటుకుని వస్తుంది. చెంపల మీద నల్లటి చారలు ఉండవు, తువాలుకు మరక పడదు. నూనె రిమూవర్ కంట్లోకి పోయి కాసేపు అంతా మసకగా కనిపించే బాధ కూడా లేదు. అన్నిటికంటే ముఖ్యం, రుద్దే పని లేదు. వాటర్‌ప్రూఫ్ మస్కారా వాడేవాళ్లకు ప్యాడ్‌కు అంటుకుని నాలుగు రెప్పవెంట్రుకలు ఊడిరావడం బాగా తెలిసిన సంగతే. మారిన తర్వాత నాకు అది దాదాపు ఆగిపోయింది.

మామూలు మస్కారాలో రంగును వెంట్రుకకు పట్టి ఉంచేది ప్రధానంగా మైనం. కనురెప్పల మీద ఊరే జిడ్డు, సన్‌స్క్రీన్‌లో ఉండే నూనెలు ఆ మైనాన్ని మెత్తబరుస్తాయి. మధ్యాహ్నానికల్లా కళ్ల కింద నల్లగా అలుక్కుపోయేది అందుకే. ట్యూబింగ్ రకంలో ఆ పని అక్రిలేట్స్ కోపాలిమర్ లాంటి పాలిమర్లు చేస్తాయి. ట్యూబులో ఉన్నంతసేపు అవి నీళ్లలో సన్నటి రేణువులుగా ఉంటాయి. వెంట్రుక మీదికి వచ్చి నీరు ఆరుతున్నకొద్దీ రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, చుట్టూ సాగే గుణమున్న పొరగా ఏర్పడతాయి. జిడ్డు ఆ పొరను కరిగించలేదు. చెమట, చన్నీళ్లు కూడా దాన్ని పెద్దగా కదిలించవు. 38 నుంచి 40 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు కాసేపు తగిలితే మాత్రం ఉబ్బి, మెత్తబడి, పట్టు వదిలేస్తుంది.

కొనేటప్పుడు డబ్బా ముందువైపు మాటలను కాకుండా వెనక పదార్థాల పట్టీని చూడండి. మొదట నీరు, ఆ దగ్గరలోనే అక్రిలేట్స్ కోపాలిమర్ ఉంటే నేను చెబుతున్న రకం అయ్యే అవకాశం ఎక్కువ. పట్టీ ఐసోడోడెకేన్ అనే త్వరగా ఆవిరయ్యే ద్రావకంతోనూ మైనాలతోనూ మొదలైతే అది వాటర్‌ప్రూఫ్ కోవకు చెందింది కావచ్చు, గోరువెచ్చని నీళ్లకు లొంగకపోవచ్చు. కోపాలిమర్ పేరు ఎక్కడో చివర్లో కనిపించినంత మాత్రాన అది ట్యూబింగ్ మస్కారా అయిపోదు.

తీసే వరస కూడా మారుతుంది. మేకప్ మొత్తానికీ నూనె క్లెన్సరే ముందు అన్న అలవాటు ఇక్కడ పనికిరాదు. నూనె ఈ పొరను కరిగించకపోగా పైన పూతలా పేరుకుని నీళ్లను లోపలికి పోనివ్వదు. ముందు ఉత్త నీళ్లతో తొడుగులు తీసేసి, ఆ తర్వాత మిగతా ముఖానికి క్లెన్సర్ పెట్టుకోవాలి. మేకప్ తుడవడానికి వాడే మైసెల్లార్ వాటర్‌తో ప్రయత్నిస్తే సగం ఊడి, సగం ముక్కలై చిరాకు పెడుతుంది. కింది రెప్పల దగ్గర చేతులకంటే వెచ్చటి నీళ్లలో తడిపిన కాటన్ ప్యాడ్ నయం. అరనిమిషం అదిమి ఉంచి, కిందికి ఒక్కసారి జరిపితే సరిపోతుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ముందు చేతులు కడుక్కుని లెన్సులు తీసేశాకే ఈ పని మొదలుపెట్టాలి. లేకపోతే తొడుగు ముక్క లెన్సు కిందికి చేరుతుంది.

మొదటిసారి వాడేవాళ్లు వేళ్ల మీద నల్లటి పోగులు చూసి రెప్పలన్నీ రాలిపోయాయని హడలిపోతారు. తేడా కనిపెట్టడం తేలిక. అసలు వెంట్రుక ఒక చివర సన్నబడి ఉంటుంది, రెండో చివర చిన్న తెల్లటి కుదురు కనిపిస్తుంది. తొడుగుకు కుదురు ఉండదు, మెత్తగా ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే ఉండలా చుట్టుకుంటుంది.

ఇక ఈ మస్కారా మీద నాకున్న గుర్రు. ఒక ట్యూబు మొదటి నెలంతా చక్కగా పనిచేసింది. ఆ తర్వాత మధ్యాహ్నమయ్యేసరికి కళ్ల కింద, చెంప ఎముక మీద నల్లటి పొడి రాలడం మొదలైంది. అది అలుక్కుపోవడం కాదు. మిరియాల పొడిలాంటి పొడి రేణువులు, కుంచెతో దులిపితే పోతాయి. కంట్లో పడితే మాత్రం గుచ్చుకుంటాయి. మొదట సన్‌స్క్రీన్ మీద అనుమానం వచ్చింది. ఒక కంటి చుట్టూ రాసి, రెండో కంటికి రాయకుండా చూశాను. రెండు వైపులా ఒకేలా రాలింది. కళ్ల క్రీమునూ, పౌడర్‌నూ అదే పద్ధతిలో వేరు చేసి చూసినా ఫలితం మారలేదు.

తప్పు బ్రష్ బయటికి వచ్చే చోట ఉంది. ట్యూబు మూతి లోపల వైపర్ అనే మెత్తటి రింగు ఒకటి ఉంటుంది. బ్రష్ పైకి వస్తున్నప్పుడు అదనంగా అంటుకున్న మస్కారాను తుడిచి లోపలే ఉంచడం దాని పని. నా ట్యూబులో ఆ రింగు వదులై, బ్రష్‌తో పాటు కాస్త పైకి లేస్తోంది. దాంతో బ్రష్ కొసన ముద్ద మిగిలిపోతోంది, బ్రష్ కాడ కూడా నల్లగా తడిసి వస్తోంది. మైనం మస్కారాలో ఇలా జరిగితే రెప్పలు అతుక్కుంటాయి, అంతే. ట్యూబింగ్‌లో నష్టం ఎక్కువ. మందంగా పడిన పూత పైన ముందే ఆరిపోతుంది, లోపల తడి మిగులుతుంది. అలా తయారైన తొడుగు బిరుసెక్కి, రెప్ప వాలినప్పుడల్లా వెంట్రుకతో పాటు వంగలేక ముక్కలవుతుంది. దీనికి తోడు లేచిన రింగు వల్ల మూత సరిగా బిగియదు. గాలి తగిలి నీరు ఆవిరవుతుంది, మస్కారా ఇంకా చిక్కబడుతుంది. మూతి చుట్టూ ఎండిన పెచ్చులు బ్రష్‌కు అంటుకుని రెప్పల మీదికి చేరతాయి.

రింగును శుభ్రమైన వేలితో లోపలికి నొక్కితే కొన్నాళ్లు నిలబడి మళ్లీ లేచింది. ప్రతిసారీ బ్రష్‌ను టిష్యూ మీద ఒకసారి దొర్లించి ముద్ద తీసేశాక పొడి రాలడం బాగా తగ్గింది, పూర్తిగా ఆగలేదు. నీళ్లు కలిపి పల్చన చేయాలని మాత్రం చూడకండి. ఒకసారి పొరగా గట్టిపడిన పాలిమర్ మళ్లీ నీళ్లలో కలవదు. పైగా బయటి నీళ్లతో సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి, వాటిని అదుపు చేయాల్సిన ప్రిజర్వేటివ్ పలుచబడుతుంది. అదే తయారీదారు తర్వాతి ట్యూబు ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఆ తర్వాతిది మళ్లీ అదే దారి పట్టింది. ఇంత మంచి సరుకును ఇంత నాసిరకం మూతిలో పెట్టి అమ్మడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. కొత్త ట్యూబు తెరవగానే బ్రష్‌ను మెల్లగా పైకి లాగి చూడండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే పట్టు తగలాలి, కుచ్చుల మధ్య ఖాళీలు కనిపించాలి, కాడ దాదాపు శుభ్రంగా రావాలి. అలా రాకపోతే వెంటనే వెనక్కి ఇవ్వడమే మంచిది.

వైపర్ బాగున్నా పెట్టుకునే పద్ధతి తేడా అయితే పొడి రాలుతుంది. రెప్పల మీద క్రీము జిడ్డు ఉంటే పొర వెంట్రుకను సరిగా పట్టుకోదు. ముందు టిష్యూతో ఒకసారి అద్దాలి. మొదళ్ల దగ్గర బ్రష్‌ను అటూ ఇటూ కదిపి పైకి లాగాలి. రెండో పూత కావాలంటే మొదటిది తడిగా ఉండగానే, అంటే అరనిమిషం లోపే వేయాలి. కుడి కన్ను, ఎడమ కన్ను, మళ్లీ కుడి కన్ను అంటూ తిరిగే వరస మైనం మస్కారాకు సరిపోతుంది. దీనికి ఒక కన్ను పూర్తిగా ముగించి రెండోదానికి వెళ్లాలి. ఆరిన పొర మీద వేసిన పూత కింది దానితో కలవదు, పెంకులా ఉండి ఊడుతుంది.

రెప్పల వంపు సంగతీ చెప్పాలి, నా మెప్పు ఇక్కడ కాస్త తగ్గుతుంది. ఇందులో నీరు ఎక్కువ కాబట్టి కర్లర్‌తో తెచ్చిన వంపు పూత తడికి చాలావరకు సడలిపోతుంది. తిన్నగా, కిందికి వాలి ఉండే రెప్పలున్నవాళ్లకు ఇది పెద్ద లోటే. పల్చటి పూత వేసి, ఆరేదాకా బ్రష్ కాడతో రెప్పలను పైకి ఆనించి పట్టుకుంటే కొంత నిలుస్తుంది. వాటర్‌ప్రూఫ్ ప్రైమర్ కింద వేస్తే వంపు బాగా నిలుస్తుంది కానీ, దాన్ని తీయడానికి మళ్లీ నూనె రిమూవర్ కావాలి. అప్పుడు ఈ మస్కారా కొన్న లాభమే పోతుంది. ఆరిన తర్వాత కర్లర్ మాత్రం పెట్టకండి. పొర చిట్లుతుంది, వెంట్రుకలు కూడా తెగుతాయి.

రోజంతా చెక్కుచెదరదని చాలామంది చెప్పే మాట కూడా షరతులతోనే నిజం. చెమటకు, చినుకులకు తట్టుకుంటుంది. వేడి ఆవిరి ముఖానికి తగిలాక కళ్లు నలిపితే తొడుగులు జారతాయి. కన్నీళ్లకు దానంతటది ఊడదు, చేత్తో తుడిస్తేనే కదులుతుంది. ఆవిరి స్నానం, వేడి నీళ్ల కొలను ఉన్న రోజున దీన్ని నమ్ముకోకూడదు.

తెరిచాక 3 నెలలకు మస్కారా మార్చాలన్న సలహాను నేను ఇక్కడ తు.చ. తప్పకుండా పాటిస్తాను. మూతి వదులైన ట్యూబయితే అంతకంటే ముందే పారేస్తాను. కన్ను ఎర్రబడినా, కురుపు లేచినా ఆ ట్యూబుకు ఇక సెలవే.

నాది జిడ్డు చర్మం, రెప్పలు సహజంగానే కాస్త వంపు తిరిగి ఉంటాయి, నల్లటి దట్టమైన కళ్లకంటే రోజూ వేసుకోగలిగే పల్చటి రూపమే ఇష్టం. ఈ మూడూ కలిశాయి కాబట్టి నాకు కుదిరింది. రెప్పలు తిన్నగా ఉండి వంపే ముఖ్యమనుకుంటే వాటర్‌ప్రూఫ్ రకమే నయమని చెబుతాను. నా దగ్గరా అదొకటి ఉంది, ఫొటోలు ఎక్కువగా తీసే రోజులకు అదే బయటికి వస్తుంది. మిగతా రోజులన్నీ ట్యూబింగే, పక్కన బ్రష్ తుడవడానికి ఒక టిష్యూతో.