వియన్నాలో 'ది థర్డ్ మ్యాన్' నడక: నేల మీద ఒకటి, నేల కింద ఒకటి

కారల్ రీడ్ తీసిన 'ది థర్డ్ మ్యాన్' (1949) చూసినవాళ్లకి వియన్నా అంటే తడిసి మెరిసే రాళ్ల వీధులు, గోడల మీద మనిషిని మించిన నీడలు, మురుగు కాలువల్లో పరుగులు. ఆ వీధులు చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చూపించే టూర్లు మాత్రం రెండు రకాలు. ఒకటి పాత నగరం వీధుల్లో గైడ్ వెంట దాదాపు రెండున్నర గంటల నడక. రెండోది నేల కింద. నగర మురుగునీటి సంస్థ వీన్ కనాల్ నడిపే ఈ టూర్ గంట లోపే ముగుస్తుంది. ఒక దాని టికెట్ కొంటే రెండోది అందులో రాదు, బయల్దేరే చోట్లు కూడా వేరు. బుక్ చేసేముందు ఏది కొంటున్నారో చూసుకోండి.

సినిమా చూడకుండా ఈ నడకకు వెళ్తే డబ్బు దండగ. గైడ్ కథంతా చెప్పేస్తాడు, చివరి మలుపుతో సహా. రింగ్ రోడ్డు మీది బుర్గ్ కీనో థియేటర్‌లో ఈ సినిమాను ఏళ్ల తరబడి ఇంగ్లీషులోనే క్రమం తప్పకుండా వేస్తున్నారు. ముందురోజు అక్కడ చూసి మర్నాడు నడిస్తే ఏ మలుపులో కెమెరా ఎక్కడ పెట్టారో కళ్లకు కడుతుంది.

నేల మీది నడకలో అన్నిటికన్నా విలువైన మజిలీ ష్రైఫోగెల్‌గాస్సె 8వ నంబరు ఇంటి గుమ్మం. చనిపోయాడనుకున్న హ్యారీ లైమ్, అంటే ఆ పాత్ర వేసిన నటుడు ఆర్సన్ వెల్స్, చీకట్లో నిలబడి ఉండగా పైకిటికీ వెలుగు ముఖం మీద పడేది ఇక్కడే. పాత కోటగోడలో మిగిలిన ముక్క మ్యోల్కర్ బస్టాయ్ పక్కనే ఈ సన్న వీధి ఉంది. గుమ్మానికి ఆనుకుని నిలబడితే ఏమీ అర్థం కాదు. వీధి దాటి అవతలివైపు నుంచి చూడాలి, అప్పుడే తలుపు చుట్టూ ఉన్న లోతు, ఆ నీడకు కారణం తెలుస్తాయి. మంచి గైడ్ అందరినీ అటువైపే నిలబెట్టి, సినిమాలోని ఫ్రేమ్‌ను పెద్ద ఫొటోగా చేతిలో పట్టుకుని చూపిస్తాడు. ఫోన్ తెర మీద చూపించే గైడ్ దగ్గర వెనక వరుసవాళ్లకి ఏమీ కనబడదు. గుంపు పదిహేనుమంది దాటితే ఈ వీధిలో నిలబడే చోటే ఉండదు. కాబట్టి గుంపులో ఎంతమందిని తీసుకుంటారో బుక్ చేసేటప్పుడే అడగండి. అది జనం కాపురముండే ఇల్లు, మెట్ల మీద కూర్చోవడం, గంట కొట్టడం తగదు.

అక్కడినుంచి ఆమ్ హోఫ్ కూడలికి ఆరేడు నిమిషాల నడక. సినిమాలో హ్యారీ గుమ్మం దగ్గర్నుంచి పరుగెత్తి, ఒక్క క్షణంలో ఈ కూడలిలో మాయమవుతాడు. ఈ టూర్ అసలు ఆనందం ఇదే. రెండు దూరపు చోట్లను ఎడిటింగ్‌లో పక్కపక్కన పెట్టి రీడ్ సొంతంగా ఒక నగరం కట్టాడు, ఆ కోతలు మన కాళ్లకి తెలుస్తాయి. చూడ్డానికి మాత్రం ఆమ్ హోఫ్‌లో నిరాశే. హ్యారీ కాలువలోకి దిగిన ఆ గుండ్రటి పోస్టర్ల స్తంభం షూటింగ్ కోసం పెట్టిన సెట్టు, ఇప్పుడక్కడ లేదు. కెఫే మోజార్ట్ సంగతీ అలాంటిదే. ఆ పేరున్న అసలు కెఫే ఆపెరా వెనక ఉంది, సినిమాలోది నోయర్ మార్క్ట్ కూడలిలో వేసిన సెట్టు. ఈ తేడా చెప్పకుండా కెఫే ముందు నిలబెట్టి ఫొటోలు తీయించే గైడ్ మీకు సినిమా చూపించట్లేదు.

యోసెఫ్స్‌ప్లాట్జ్‌లో హ్యారీ ఇంటిగా చూపించిన పల్లవిచీని భవనం మాత్రం చెక్కుచెదరలేదు. ద్వారానికి అటూ ఇటూ నిలిచిన స్త్రీ శిల్పాల వల్ల ఇట్టే గుర్తుపట్టొచ్చు. ఎదురుగా రెండో జోసెఫ్ చక్రవర్తి గుర్రపు విగ్రహం. కథలో ప్రమాదం జరిగాక హ్యారీని మోసుకెళ్లింది ఆ విగ్రహం దగ్గరికే. మోసినవాళ్లు ఇద్దరా, ముగ్గురా అన్న ప్రశ్న పుట్టిందిక్కడే, సినిమా పేరుకు మూలమూ అదే. గుమ్మం నుంచి విగ్రహం దాకా నడిచి చూడండి, పై కిటికీలోంచి చూసిన కాపలావాడికి ఎంత కనబడి ఉంటుందో మీరే తేల్చుకోవచ్చు.

హోహర్ మార్క్ట్, మరియా ఆమ్ గెస్టాడె చర్చి మెట్లు కూడా దారిలో వస్తాయి. హోహర్ మార్క్ట్‌లో చూడాల్సింది ఇప్పుడు లేనిదాన్ని. 1948 చివర్లో షూటింగ్ జరిగినప్పుడు అక్కడున్నది బాంబులకు కూలిన శిథిలాల గుట్ట, నగరం అప్పటికి నాలుగు దేశాల సైన్యాల చేతిలో ముక్కలై ఉంది. పాత ఫొటో చేతిలో లేకుండా ఆ కూడలిలో ఆగితే అది ఇంకో అందమైన కూడలి, అంతే. మరియా ఆమ్ గెస్టాడె మెట్లు వాన పడితే జారతాయి, పట్టున్న చెప్పులు వేసుకోవాలి.

ఇక నేల కింది టూర్. కార్ల్స్‌ప్లాట్జ్ పక్కన గిరార్డి పార్కులో మొదలవుతుంది. త్రికోణపు రేకులుగా విచ్చుకునే ఇనుప మూత కింద మెలి తిరిగిన మెట్లు దిగాలి. హెల్మెట్, లైటు వాళ్లే ఇస్తారు. మూసిన బూట్లు తప్పనిసరి, పన్నెండేళ్ల లోపు పిల్లలను దింపరు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ, ఇరుకంటే ఊపిరాడనివాళ్లూ దిగకపోవడమే మేలు. వాసన ఉంటుంది, కాసేపటికి ముక్కు అలవాటు పడుతుంది.

వాన కురిస్తే ఈ టూర్ ఆగిపోతుంది, దానికి గట్టి కారణముంది. పాత నగరంలో ఇళ్ల మురుగు, వీధుల వాననీరు ఒకే కాలువలో కలిసి పారతాయి. పైన జోరువాన పడితే కింద మట్టం నిమిషాల్లో పెరుగుతుంది. కాబట్టి వియన్నాలో ఉండే చివరి రోజున ఈ టూర్ పెట్టుకోవద్దు. వాయిదా పడితే మరో రోజు చేతిలో ఉండాలి.

కింద గోడల మీద సినిమా తునకలు ప్రొజెక్టర్‌తో వేస్తారు. అవి బాగున్నా, అక్కడి పనివాళ్లు చెప్పే కాలువల కథే ఇంకా బాగుంటుంది. 1830ల కలరా తర్వాత వీన్ నదికి రెండు ఒడ్డులా తవ్విన కాలువలివి, కలరా కాలువలనే పేరుతోనే పిలుస్తారు. సినిమాలో విశాలంగా కనబడే సొరంగం మురుగు కాలువ కాదు, పైకప్పు వేసేసిన వీన్ నదే. చిత్రంలో ఇరుకు కాలువ, నది సొరంగం, ఇంగ్లండులో షెపర్టన్ స్టూడియో సెట్టు కలిసిపోయి ఉంటాయి. ఆర్సన్ వెల్స్‌కి ఆ కాలువల్లో నటించడం ఇష్టం లేకపోయింది. అతని షాట్లలో చాలా భాగం స్టూడియోలోనే తీసి, దూరపు షాట్లకు డూపులను వాడారు. ఇది తెలిసి దిగితే గోడల మీది తునకల్లో ఏది ఎక్కడ తీశారో పోల్చుకోవచ్చు.

ఎప్పుడు వెళ్లాలన్నదే ముఖ్యమైన నిర్ణయం. కాలువ టూర్ మే నుంచి అక్టోబరు దాకే ఉంటుంది. జూన్‌లో వెళ్తే పొద్దు దాదాపు రాత్రి తొమ్మిదింటికి కుంకుతుంది. ష్రైఫోగెల్‌గాస్సె గుమ్మాన్ని ఎండలో చూడాల్సి వస్తుంది, అది మామూలు గుమ్మం. నవంబరులో సాయంత్రం అయిదు కాకముందే చీకటి పడుతుంది, కానీ కాలువలు మూసేస్తారు. అక్టోబరు రెండో సగంలో పొద్దు ఆరింటి ప్రాంతంలో కుంకుతుంది. మధ్యాహ్నం కింద దిగి, సాయంత్రం పైన నడిస్తే చివరి మజిలీలు దీపాల వెలుగులో పడతాయి. సినిమాలో తడి మెరుపు కోసం అగ్నిమాపక దళంతో వీధులను తడిపించారు, అక్టోబరు చినుకు ఉచితంగా ఆ పని చేస్తుంది. అయితే అదే చినుకు జోరందుకుంటే కాలువ టూర్ రద్దవుతుంది, అందుకే కాలువ టూర్‌ను వియన్నాలో మొదటి రోజుల్లోనే పెట్టుకుంటే మంచిది.

నడకలో రానివి కొన్ని సొంతంగా చూసుకోవాలి. ప్రాటర్ వినోద పార్కులోని రీజెన్‌రాడ్ అనే జెయింట్ వీల్ 1897 నాటిది, ఎత్తు 64.75 మీటర్లు. 1944లో కాలిపోయింది, 1947లో తిరిగి కట్టినప్పుడు ముప్పై పెట్టెల్లో పదిహేనే పెట్టారు. అందుకే సినిమాలో కూడా పెట్టెల మధ్య అంత ఖాళీ. హ్యారీ చెప్పే ప్రసిద్ధమైన కుకూ గడియారం మాటలు పెట్టె లోపల కాదు, కిందికి దిగాక. రైష్‌బ్రుక్కె వంతెన కోసం మాత్రం వెతక్కండి, సినిమాలోది 1976 ఆగస్టు 1న కూలిపోయింది, ఇప్పుడున్నది కొత్తది. నాష్‌మార్క్ట్ దగ్గర ప్రెస్‌గాస్సెలో ఈ సినిమాకొక ప్రైవేటు మ్యూజియం ఉంది, సాధారణంగా తెరిచేది శనివారం మధ్యాహ్నం మాత్రమే. వారం ప్రణాళిక ఆ రోజు చుట్టూ వేసుకోండి.

చివరి షాట్ చూడాలంటే 71 నంబరు ట్రాము ఎక్కి సెంట్రల్ శ్మశానానికి వెళ్లాలి. కథానాయిక ఆలీడా వల్లీ చెట్ల బాటలో దూరం నుంచి నడిచొచ్చి, కథానాయకుడు జోసెఫ్ కాటన్ వైపు చూడకుండా దాటిపోతుంది. ఈ ముగింపును కథ రాసిన గ్రాహం గ్రీన్ మొదట ఒప్పుకోలేదు, తర్వాత రీడ్‌దే సరైందని తానే రాశాడు. శ్మశానం సుమారు రెండున్నర చదరపు కిలోమీటర్లు, అలాంటి బాటలు చాలా ఉన్నాయి. రెండో గేటు దగ్గర దిగి, అచ్చమైన బాట ఏదో నడక గైడ్‌తో ముందే మ్యాపు మీద గుర్తు పెట్టించుకుని వెళ్లండి.